చేతికి తగిలే బెల్లం

మా ఇంట్లో ఆరేళ్ళు ఒక కుక్క ఉండేది. పేరు బెల్లం. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒక వానరోజు మా నాయన ఆటోలో వేసుకొని తెచ్చాడు. కూరగాయల మార్కెట్లో తోపుడుబండి కింద వణుకుతూ కూర్చుంటే మనసొప్పలేదంట. అప్పటికి మా అవ్వకు కళ్ళు కొంచెం కనిపిస్తుండేవి. ఆమె ఆ పిల్లను వెలుతురులోకి ఎత్తి పట్టుకొని, "అచ్చు బెల్లం ముక్క మాదిరి ఉండాడే" అంది. పేరు అదే ఖాయమైంది.

కుక్క అమహద్వాచకం కాబట్టి "అది" అని రాయాలని నాకు తెలుసు. తెలుగు వ్యాకరణంలో నాకు మార్కులు బాగానే వస్తాయి. కానీ మా ఇంట్లో ఎవరూ బెల్లాన్ని "అది" అనలేదు. ఇప్పుడు రాయబోతే చెయ్యి ఆడటం లేదు. అందుకే ఈ వ్యాసంలో "వాడు" అనే రాస్తాను. మా తెలుగు టీచరు క్షమించాలి.

మేము బళ్ళారిలో ఉంటాము. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. బెల్లానికి రెండూ వచ్చు. మేము "రా" అన్నా వచ్చేవాడు, పక్కింటివాళ్ళు "బారో" అన్నా వెళ్ళేవాడు. కానీ ఎక్కువగా ఉండేది అవ్వ దగ్గరే.

మా అవ్వకు గ్లకోమా. తెలుగులో నీటికాసులు అంటారని మా సైన్సు టీచరు చెప్పారు. ఈ జబ్బులో కంటి లోపలి ఒత్తిడి పెరిగి, చూపు నరం దెబ్బతింటుంది. మొదట పక్కల చూపు పోతుంది, గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. పోయిన చూపు తిరిగి రాదు. మందు వేస్తే ఉన్న చూపు నిలబడుతుంది, అంతే. అవ్వకు తెలిసేసరికే ఆలస్యమైంది. ఇప్పుడు ఆమెకు వెలుతురు, చీకటి మాత్రం తెలుస్తాయి.

సాయంత్రం అయిదు గంటలకు అవ్వ గోడ పట్టుకొని వీధి ముందర కట్ట మీదికి వచ్చేది. బెల్లం ఆమె కాలికి ఒళ్ళు ఆనించుకొని నడిచేవాడు. గడప దగ్గర ఆగేవాడు. వాడు ఆగితే అవ్వ ఆగేది. కాలితో గడప తడిమి దాటేది. ఎవరూ వాడికి నేర్పలేదు. కట్ట మీద కూర్చున్నాక వాడి తల అవ్వ ఒళ్ళో ఉండేది. ఆమె చేతులు ఊరికే ఉండేవి కావు. వాడి చెవులు, మెడ, వీపు తడుముతూనే ఉండేవి.

పోయిన ఆగస్టులో ఒక సాయంత్రం నేను కట్ట మీద కూర్చొని యూనిట్ టెస్టుకు లెక్కలు చేసుకుంటున్నాను. అవ్వ అంది:

"పాపా, వీని చెవి వెనక ఆముదపు గింజల మాదిరి ఏమో తగుల్తాండాయి. నాయనకు చెప్పు, మందు తెస్తాడు."

"సరే అవ్వా" అన్నాను. లెక్క మధ్యలో ఉంది. మర్చిపోయాను.

మరుసటి రోజు అవ్వ అడిగింది, "నాయనకు చెప్పితివా?" అని.

"చెప్పినా" అన్నాను.

చెప్పలేదు. రాత్రి చెబుదాంలే అనుకున్నాను. ఆ రాత్రి నాయన ఆలస్యంగా వచ్చాడు. ఆ తర్వాత టెస్టులు మొదలయ్యాయి. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క మాటే. అది ముందే చెప్పేస్తే మిగిలింది రాయడం సులువవుతుందని రాశాను.

పది రోజుల తర్వాత బెల్లం అన్నం ముట్టలేదు. మర్నాడు ముక్కులోంచి రక్తం వచ్చింది. నాయన ఆటోలో వేసుకొని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేనూ వెళ్ళాను. డాక్టరు చెవులు తిప్పి చూసి, రక్తం పరీక్ష చేయించి, "ఉణ్ణె జ్వర" అన్నారు. నాకు అర్థం కాలేదు. కన్నడలో ఉణ్ణె అంటే మన ఉన్ని, గొర్రె బొచ్చు. ఉన్నికి జ్వరమేమిటి అనుకున్నాను. తర్వాత తెలిసింది, కన్నడలో గోమారిని కూడా ఉణ్ణె అనే అంటారు. గోమార్లు కుట్టినప్పుడు వాటిలో ఉండే బ్యాక్టీరియా కుక్క రక్తంలోకి పోతుంది. రక్తాన్ని గడ్డకట్టించే కణాలు తగ్గిపోతాయి. మొదట్లోనే చూసుకుంటే మాత్రలతో నయమవుతుంది. "కొంచెం ముందు తెచ్చింటే బాగుండేది" అన్నారు డాక్టరు. ఆయన నాయనతో అన్నారు. నేను నేల చూసుకుంటూ నిలబడ్డాను.

నాలుగు రోజులు గ్లూకోజు పెట్టారు, సూదులు వేశారు. అయిదో రోజు తెల్లవారేసరికి వాడు లేడు. అవ్వ పుట్టిన ఊర్లో, మామ చేనులో, వేపచెట్టు కింద పూడ్చిపెట్టి వచ్చారు.

అవ్వ ఏడవలేదు. కానీ ఆ రోజు నుంచి కట్ట మీదికి రావడం మానేసింది. అయిదు గంటలైనా మంచం మీదే గోడవైపు తిరిగి ఉండేది. ఒకరోజు మా తమ్ముడు ఫోను తీసుకొని, "అవ్వా, బెల్లం ఫోటో చూస్తావా?" అన్నాడు. వాడు చిన్నవాడు, తెలియక అన్నాడు. అవ్వ అంది:

"ఫోటో నాకెందుకురా. కనపడదు, చేతికీ తగలదు."

ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

అంతకుముందు ఒకసారి అమ్మ ఫోనులో ఒక వీడియో చూశాను. అందులో ఒకామె గొర్రె ఉన్నిని సూదితో పొడిచి పొడిచి పిల్లి బొమ్మ చేసింది. దారం లేదు, జిగురు లేదు, కుట్టు లేదు. పొడవడమే. చివరికి ఆ బొమ్మ నిజమైన పిల్లిలాగే ఉంది. బెల్లాన్ని అట్లా చేస్తే అవ్వ చేతికి తగులుతాడు కదా అనుకున్నాను.

మా అమ్మ ఇంట్లోనే జీన్స్ ప్యాంట్లకు జేబులు కుడుతుంది. బళ్ళారిలో జీన్స్ పని చాలామందికి బతుకుతెరువు. కాబట్టి మా ఇంట్లో సూదులకు కరువు లేదు. అమ్మ మిషన్ సూది ఒకటి తీసుకొని, మందుల డబ్బాలో ఉన్న దూదిని ఉండ చేసి పొడవడం మొదలుపెట్టాను. అరగంట పొడిచాను. దూది దూదిలాగే ఉంది. అమ్మ చూసి, "దూదికి ఇంజెక్షన్ చేస్తాండావా?" అంది.

అప్పుడు దాని సంగతి చదివి తెలుసుకున్నాను. రెండు తప్పులు చేశాను. ఒకటి, సూది. కుట్టు సూది నున్నగా ఉంటుంది, లోపలికి పోయి ఏమీ పట్టుకోకుండా బయటికి వస్తుంది. ఈ పనికి వేరే సూది ఉంది. అది మూడు పలకలుగా ఉంటుంది. ఆ అంచుల మీద కంటికి కనిపించీ కనిపించనంత చిన్న గాట్లు ఉంటాయి. లోపలికి పోయేటప్పుడు ఆ గాట్లు ఉన్ని పోగులను పట్టుకొని లాక్కుపోతాయి, బయటికి వచ్చేటప్పుడు వదిలేస్తాయి. ఫ్యాక్టరీల్లో నేయకుండా గుడ్డ చేసే యంత్రాల్లో ఇట్లాంటి సూదులు వేలకొద్దీ ఉంటాయి. చేతిపనివాళ్ళు వాటినే ఒకటీ రెండూ పట్టుకొని వాడుతున్నారు.

రెండో తప్పు, దూది. ఉన్ని పోగు మీద చేపకున్నట్టు సన్నని పొలుసులు ఉంటాయి. సూది పోగులను కలిపి నొక్కినప్పుడు అవి ఒకదానికొకటి చిక్కుకొని మళ్ళీ విడిపోవు. దూది పోగుకు పొలుసులు లేవు. ఎనిమిదో తరగతిలో నారల పాఠం చదివి మార్కులు తెచ్చుకున్నాను. కానీ దూదికీ ఉన్నికీ ఉన్న తేడా నా చేతికి ఆ రోజే తెలిసింది.

దాచుకున్న డబ్బులతో ఆన్‌లైన్లో సూదులు తెప్పించాను. వాటికి నంబర్లు ఉంటాయి. 36 నంబరు లావు, 38 మధ్యరకం, 40 సన్నం. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. లావు సూదితో ఆకారం తేవాలి, సన్న సూదితో పైన నునుపు చేయాలి.

ఉన్ని కొనవలసిన పని రాలేదు. దసరా సెలవుల్లో కురుగోడు దగ్గర ఉన్న మామ వాళ్ళ ఊరికి వెళ్ళాము. మా జిల్లా పేరు మీదే ఒక గొర్రె జాతి ఉంది, బళ్ళారి గొర్రె. తెల్లవి, నల్లవి, రెండూ కలిసినవి ఉంటాయి. వాటి ఉన్ని మెత్తగా ఉండదు, గరుకు. దాంతో కంబళ్ళు నేస్తారు. నూలు గట్టిపడటానికి చింతగింజల గంజి పెడతారు. అందుకే కొత్త కంబళి కర్రలాగ నిలబడుతుంది. మామ చేనులో మంద తోలిన తాతను అడిగితే ఒక సంచి నిండా ఇచ్చాడు. "డబ్బులెంత తాతా?" అంటే నవ్వాడు. "ముందర దీనికోసం ఇంటికొచ్చేవాళ్ళు తల్లీ. ఇప్పుడు కత్తిరించిన కూలి కూడా రాదు. తీసుకపో" అన్నాడు.

ఆ సంచిలో ఉన్నితోపాటు మట్టి, పెంటికలు, పల్లేరుకాయలు అన్నీ ఉన్నాయి. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసం పోసి నానబెట్టాను. రుద్దకూడదు, ఊరికే ముంచి తీయాలి. మూడుసార్లు నీళ్ళు మార్చినా ఎర్రగానే వచ్చాయి. నాలుగోసారి తేటపడ్డాయి. ఎండబెట్టి, విడదీసి, దువ్వాలి. ఉన్ని దువ్వడానికి తీగల బ్రష్షులు ఉంటాయి. మా ఇంట్లో ఉన్న తీగల బ్రష్షు ఒకటే, బెల్లానిది. దాని తీగల్లో వాడి బొచ్చు ఇంకా ఉంది. కాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆ బొచ్చును జాగ్రత్తగా తీసి, కాగితంలో మడిచి, జామెట్రీ బాక్సులో పెట్టుకున్నాను.

రంగు దగ్గర చాలా తిప్పలు పడ్డాను. తెల్ల ఉన్నిని టీ డికాషన్‌లో ఉడికించాను. రంగు బాగానే ఎక్కింది. వేడి మీదున్న ఉన్నిని తీసి, కొళాయి కింద చల్లనీళ్ళలో పెట్టి గట్టిగా పిండాను. అంతే. ఉన్నంతా ముద్దయి, తోలుముక్కలాగ బిగుసుకుపోయింది. వేడి, సబ్బు, రాపిడి, ఒక్కసారిగా చల్లదనం, వీటితో కూడా ఉన్ని పొలుసులు చిక్కుకుపోతాయంట. కాశ్మీరులో నమ్దాలు అనే తివాచీలను తడిపి, చుట్టి, తొక్కి ఇట్లాగే చేస్తారు. స్వెట్టరు వేడినీళ్ళలో ఉతికితే కుంచించుకుపోయేది కూడా ఇందుకే. బళ్ళారి ఎండల్లో స్వెట్టర్లు ఉతికే అవసరం మాకు రాదు కాబట్టి నాకు తెలియలేదు.

రెండోసారి పటిక వేసి, టీపొడి ఎక్కువ వేసి, గిన్నెలోనే చల్లారేదాకా ముట్టుకోకుండా ఉంచాను. అమ్మకు చూపిస్తే, "ఇది బెల్లం కాదు, అటుకులు" అంది. నాయన, "ఏ బెల్లం కావల్ల? కొత్త బెల్లమా, పాత బెల్లమా?" అన్నాడు. బెల్లం చనిపోయాక మా ఇంట్లో అందరం నవ్వడం అదే మొదలు. చివరికి రంగు ఉన్నిలోనే దొరికింది. నల్ల గొర్రె ఉన్ని కొసలు ఎండకు కాలి గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. ఆ కొసలు కత్తిరించి, టీ రంగు ఉన్నితో కలిపి దువ్వితే బెల్లం రంగు వచ్చింది.

తర్వాత పొడవడం. పాత ఆటో సీటులోంచి తీసిన స్పాంజి ముక్క మీద ఉన్ని పెట్టి పొడవాలి. లేకపోతే సూది బల్లకు తగిలి విరుగుతుంది. లోపలికి ఏ వాలులో పోయిందో బయటికి కూడా అదే వాలులో తీయాలి. మధ్యలో వంచితే పుటుక్కున విరుగుతుంది. అట్లా మూడు విరిచాను. విరిగిన ముక్క బొమ్మలో ఉండిపోకుండా వెతికి తీయాలి. లేకపోతే ముట్టుకున్నవాళ్ళకు గుచ్చుకుంటుంది. ఎడమచేతి వేళ్ళకు లెక్కలేనన్ని పోట్లు తగిలాయి. అమ్మ జీన్స్ ముక్కలు మడిచి వేళ్ళకు తొడుగులు కుట్టి ఇచ్చింది.

గరుకు ఉన్ని కాబట్టి తొందరగా బిగుసుకోదు. ఒళ్ళు ఒక్కటే గట్టిపడటానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. తర్వాత తల, కాళ్ళు, తోక. ఫోనులో వాడి ఫోటోలు వందకు పైనే ఉన్నాయి. అవన్నీ ముందు పెట్టుకొని చేశాను. కళ్ళకే వారం రోజులు పట్టింది. నల్లపూసలు పెట్టి, చుట్టూ సన్నగా ముదురు ఉన్ని పొడిచి, వాడు అన్నం కోసం చూసే చూపు వచ్చేదాకా ఊడదీసి మళ్ళీ పెట్టాను. మొత్తం మూడు వారాలకు జానెడు బెల్లం తయారయ్యాడు. తమ్ముడు చూసి, "మొరుగుతాడేమో" అన్నాడు. అమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన ఏమీ అనకుండా ఫోటో తీసుకున్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

అవ్వ చేతుల్లో పెట్టాను. అవ్వ రెండు చేతులతో తడిమింది. తల తడిమింది, వీపు తడిమింది, కాళ్ళు, తోక. మళ్ళీ తల దగ్గరికి వచ్చింది. తర్వాత అడిగింది:

"ఇది ఎవరి కుక్క?"

నాకు గొంతు పట్టుకుపోయింది. "బెల్లం అవ్వా" అన్నాను.

"బెల్లానికి ఎడమ చెవి కొస లేదు కదా. చిన్నప్పుడు గల్లీ కుక్క కొరికింది. మెడ మీద తోలు ఇంత వదులు, పట్టుకుంటే పిడికిట్లోకి వచ్చేది. తోక మొదట్లో ఒక గణుపు తగిలేది, వాకిలి సందున పడి విరిగింది కదా. రొమ్ము మీద సుడి ఉండె. ఇవేమీ లేవే?"

నేను ఫోను తీసి ఫోటోలన్నీ మళ్ళీ చూశాను. వందకు పైగా ఫోటోల్లో వాడి మొహమే ఉంది. అన్నీ ఎదురుగా, అన్నీ కుడిపక్కకు వాలి నవ్వుతున్నట్టు. రొమ్ము మీది సుడి ఒక్కదాంట్లో కూడా లేదు. ఆరేళ్ళు వాడితో ఒకే ఇంట్లో ఉన్నాను. రోజూ చూశాను. తోకలో గణుపు ఉందని నాకు తెలియదు. నేను వారం రోజులు కష్టపడిన కళ్ళ గురించి అవ్వ ఒక్క మాట కూడా అడగలేదు. ఆమె చేతికి అవి రెండు పూసలు, అంతే.

మర్నాటి నుంచి అవ్వ మంచం పక్కనే స్పాంజి పెట్టుకొని కూర్చున్నాను. ఈ పనిలో ఒక మంచి గుణం ఉంది. మట్టి బొమ్మ ఆరిపోతే మార్చలేము. ఉన్ని బొమ్మను ఎప్పుడైనా మార్చవచ్చు. లోతు కావలసిన చోట ఇంకా పొడవాలి, ఎత్తు కావలసిన చోట ఇంకొంచెం ఉన్ని పెట్టాలి. నేను పది పోట్లు పొడిచి అవ్వ చేతికి ఇస్తాను. ఆమె తడిమి, "ఇంగొంచెం" అంటుంది, లేకపోతే "చాల్లే" అంటుంది. మెడ తోలు వదులు రావడానికి ఉన్నిని పల్చని రేకులాగ పొడిచి, అంచులు మాత్రం అతికించాను. తోకలో గణుపుకు చిన్న ఉండ చేసి లోపల పెట్టాను. చెవి కొస కత్తిరించడానికి చెయ్యి రాలేదు. "కత్తిరించు, వానికేమీ నొప్పి కాదు" అంది అవ్వ.

ఆ ఎడమ చెవి దగ్గరే పని ఆగింది. చెవిని తలకు అతికిస్తున్నాను. అవ్వ వేలు చెవి వెనకకు పోయి అక్కడ నిలబడిపోయింది.

"ఈడనే కదా" అంది.

నా చేతిలో సూది ఆగింది. నేను చాలారోజులుగా మనసులో అనుకుంటున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "అవ్వా, ఆ పొద్దు నాయనకు చెప్పినా అంటిని కదా. చెప్పలేదు" అన్నాను.

అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది స్టార్టు కాలేదు. ఆ చప్పుడు నాకు ఇంకా గుర్తుంది.

"నాకు తెలుసు" అంది అవ్వ. "చెప్పింటే నీ నాయన ఆ రాత్రే వచ్చి వాని చెవులు చూసుండు. రాలేదు. నేనన్నా ఇంగొకసారి గట్టిగా చెప్పల్ల కదా. పిల్ల చదువుకుంటాంది, ఎందుకు విసిగించేది అని ఊరుకుంటిని."

నేను ఏడ్చాను. అవ్వ "ఏడవద్దు" అనలేదు, "నీ తప్పు లేదు" అని కూడా అనలేదు. కాసేపయ్యాక, "పొడువు. చెవి ఇంగా గట్టి కాలేదు" అంది.

అవ్వ నన్ను తిట్టివుంటే బాధ తొందరగా తీరిపోయేదేమో. తిట్టలేదు. తన తప్పు కూడా తెచ్చి నా తప్పు పక్కన పెట్టింది. ఆ రాత్రి నాయనకు కూడా చెప్పాను. ఆయన "ఇంగ ఎప్పుడూ అట్ల చేయాకు" అన్నాడు. అంతకంటే ఎక్కువ అనలేదు.

చివరి రోజు రొమ్ము మీద సుడి పెట్టాలి. అవ్వ, "వాని బ్రష్షులో బొచ్చు ఏమన్నా మిగిలిందా?" అని అడిగింది. జామెట్రీ బాక్సులోంచి కాగితం తీశాను. కుక్క బొచ్చు నున్నగా, పొట్టిగా ఉంటుంది, దాన్ని ఒక్కదాన్నే పొడిస్తే నిలవదు. ఉన్నితో కలిపి దువ్వితే నిలుస్తుంది. అట్లా కలిపి, గుండ్రంగా తిప్పుతూ 40 నంబరు సూదితో మెల్లగా పొడిచాను. రూపాయి బిళ్ళంత సుడి. అవ్వ వేలు పెట్టి ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పింది.

"బెల్లం కాదులే" అంది. "కానీ బెల్లం మాదిరే ఉండాడు."

నాకు అంతకంటే మంచి సర్టిఫికెట్ వద్దు. అది నిజం కూడా. ఉన్ని బొమ్మ తోక ఆడించదు, గడప దగ్గర ఆగదు. నేను చేసిన తప్పును వెనక్కి తీసుకోదు. ఇప్పుడు అది అవ్వ దిండు పక్కన ఉంటుంది. పడుకునే ముందు ఆమె చెయ్యి దాని మెడ మీద ఉంటుంది. సాయంత్రం అయిదు గంటలకు నేను బడి నుంచి వచ్చి ఆమెకు చెయ్యి ఇస్తాను. గడప దగ్గర ఆగుతాను. మొదట్లో నేను తొందరగా నడిచేదాన్ని. "బెల్లం ఇంత పరుగెత్తించేవాడు కాదు" అంది ఒకరోజు. ఇప్పుడు నిదానంగానే నడుస్తున్నాను.

కట్ట మీద కూర్చుంటే వీధి కుక్కలు రెండు వస్తాయి. అవ్వ వాటికి రొట్టెముక్క వేసి, ముందు చెవుల వెనక తడుముతుంది. ఏమన్నా తగిలితే నన్ను పిలుస్తుంది. నేను అప్పుడే లేస్తాను, ఏ లెక్క మధ్యలో ఉన్నా.

ఈ పత్రిక చదివే మీ ఇళ్ళలో కూడా కుక్కలు ఉండవచ్చు. ఈ రోజే వాటి చెవుల వెనక, మెడ కింద, కాలివేళ్ళ మధ్య చెయ్యి పెట్టి తడిమి చూడండి. చూస్తే కనపడవు, బొచ్చులో దాక్కుంటాయి. చేతికే తగులుతాయి. గోమారి కనిపిస్తే గోళ్ళతో నలపకండి. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకొని నిటారుగా లాగండి. కుక్క అన్నం మానేస్తే, నీరసంగా ఉంటే, ముక్కులోంచి రక్తం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా "చెప్పు" అంటే, చెప్పిన తర్వాతే "చెప్పినా" అనండి.

మా సైన్సు టీచరు ఇంకో సంగతి చెప్పారు. ఆముదం మొక్కకు శాస్త్రీయ నామం రిసినస్ కమ్యూనిస్. లాటిన్ భాషలో రిసినస్ అంటే గోమారి. ఆ గింజ రక్తం తాగి ఉబ్బిన గోమారిలాగ ఉంటుందని ఆ పేరు పెట్టారంట. మా అవ్వకు లాటిన్ రాదు. ఆమె వేళ్ళకు తెలిసింది.

ఈ వ్యాసం పూర్తి చేసి అవ్వకు చదివి వినిపించాను. అంతా విని ఒక్క తప్పు పట్టింది. "మొదట నా చేతికి తగిలినప్పుడు ఆముదపు గింజలంత లేవు. కందిగింజలంతే ఉండె. ఆముదపు గింజలంత అయ్యేదాకా మనం చూసుకోలేదు. అది సరిగా రాయి" అంది.

పైన కొట్టేసి దిద్దుదామనుకున్నాను. తర్వాత, అవ్వ చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తేనే మేలనిపించింది. కందిగింజంత ఉన్నప్పుడే చూసుకోవాలి.